కాటా తెర మీద 99900

మా అక్కను మిర్యాలగూడలో ఇచ్చాం. బావ వాళ్లది వడ్ల మిల్లు, మిల్లు గేటు పక్కనే సొంత వేబ్రిడ్జి ఉంది. వేబ్రిడ్జి అని బిల్లుల మీద మాత్రమే ఉంటుంది, మనుషులందరూ కాటా అనే అంటారు. 60 టన్నుల కాటా. లారీ ఎక్కగానే గదిలో ఇండికేటర్ డబ్బా మీద ఎర్ర అంకెలు గిర్రున తిరిగి ఒకచోట ఆగుతాయి. ఆ డబ్బా చిన్నది, లోపల కూర్చున్న గుమస్తాకు తప్ప బయట నిలబడ్డ డ్రైవర్‌కు గానీ రైతుకు గానీ కనపడదు. అందుకే బరువు దగ్గర రోజుకో లొల్లి.

పోయిన వానాకాలం పంట వచ్చే ముందు బావ నన్ను పట్టుకున్నాడు. "బామ్మర్దీ, హైదరాబాద్‌ల నువ్వు కంప్యూటర్ పనే చేస్తవ్ గద. గా బరువు పెద్దగ కనపడేటట్టు ఒక తెర చేసియ్యి. కిటికీకి ఇంకో మానిటర్ పెడ్త. లారీ కదులుతున్నంతసేపు ఎర్రగ, ఆగినంక పచ్చగ. గంతే."

"ఏ పచ్చ బావా, ఆకుపచ్చా, పసుపుపచ్చా?"

"వడ్ల మిల్లోన్ని పట్టుకొని ఏ పచ్చ అంటవేందిరా. నారు పచ్చ."

ఆ "గంతే"కు నాకు మూడు వారాంతాలు పట్టాయి.

నేను చేసేది వెబ్‌సైట్ల పని. అక్కడ అక్షరానికి రంగు ఒక లైను, వెనక రంగుకు ఇంకో లైను. మిగతాదంతా బ్రౌజర్ చూసుకుంటుంది. కానీ కాటా గదిలో ఉన్నది పాత కంప్యూటర్, మెమరీ 2 జీబీ. దానిలో బ్రౌజర్ తెరిస్తేనే ఫ్యాను లారీలాగా మోగుతుంది. అందుకని కాలేజీ రోజుల్లో నేర్చుకున్న సీ భాషను బయటికి తీసి, విండోస్‌తో నేరుగా మాట్లాడే చిన్న ప్రోగ్రాం రాద్దామనుకున్నాను. ఇండికేటర్ వైరు వచ్చి తగిలే సీరియల్ పోర్టు నుంచి బరువు చదవడమే కష్టమని అనుకున్నా గానీ, ఆ భాగం ఒక్క పూటలో అయిపోయింది. దాని గురించి చెప్పడానికేం లేదు.

రంగుల దగ్గర మొదలైంది అసలు కథ. 1985లో విండోస్ మొదటి వెర్షన్‌తో పాటు వచ్చిన జీడీఐ అనే బొమ్మలు గీసే వ్యవస్థ ఇప్పటికీ అలాగే పనిచేస్తోంది. దానిలో అక్షరాల రంగుకు సెట్‌టెక్స్ట్‌కలర్ అని ఒక ఫంక్షన్. ఆగినప్పుడు ఆకుపచ్చ కోసం వెబ్‌లో రాసినట్టే, ఎరుపు, ఆకుపచ్చ, నీలం వరసలో, 00 ఎఫ్‌ఎఫ్ 00 అని ఇచ్చాను (00 అంటే అసలు లేదు, ఎఫ్‌ఎఫ్ అంటే నిండుగా), ఆకుపచ్చ వచ్చింది. కదిలేటప్పుడు ఎరుపు కోసం ఎఫ్‌ఎఫ్ 00 00 ఇచ్చాను. నీలం వచ్చింది. అరగంట సేపు లారీ కదిలిందా ఆగిందా అని చూసే కోడ్‌లో తప్పు వెతికాను. తప్పు అక్కడ లేదు. జీడీఐ రంగు అంకెలో ఎరుపు చివర ఉంటుంది, నీలం ముందుంటుంది, అంటే వెబ్ వరసకు సరిగ్గా తిరగేసి. ఆకుపచ్చ రెండిటిలోనూ మధ్యలోనే ఉంటుంది కాబట్టి తారుమారైనా దానికేమీ కాలేదు, నాకు అనుమానమూ రాలేదు. ఆర్‌జీబీ అనే మాక్రో, అంటే ముందే రాసిపెట్టిన కోడ్ ముక్క ఒకటుంది, దానిలో మూడు అంకెలూ విడివిడిగా ఇస్తే వరస అదే చూసుకుంటుంది. ఆ రాత్రి తర్వాత మళ్లీ చేత్తో ఆ అంకె రాయలేదు.

విండో వెనక నలుపు పెట్టాను. నల్లటి దాని మీద పచ్చటి అంకెలు, బస్టాండులో బోర్డులాగా ఉంటుందని నా ఊహ. వచ్చింది ఏమిటంటే, నల్లటి విండో, దాని మధ్యలో తెల్లటి పట్టీ, ఆ పట్టీ మీద పచ్చటి అంకెలు. గోడకు నల్ల రంగు వేసి దాని మీద కాగితం అతికించి రాసినట్టుంది.

నాకు తెలియనిది ఇదే. అక్కడ వెనక రంగు అనేది ఒకటి కాదు, రెండు. విండో మొత్తానికి ఒక కుంచె ఉంటుంది, బ్రష్ అంటారు. విండోను తుడిచేటప్పుడు దానితోనే తుడుస్తారు. అక్షరాలు రాసేటప్పుడు మాత్రం ఆ కుంచెతో సంబంధం లేదు. రాసే పనికి డివైస్ కాంటెక్స్ట్ అని వేరే ఒకటి చేతికిస్తారు. అక్షరం ఏ రంగు, దాని వెనక ఏ రంగు, వెనక రంగు వేయాలా వద్దా అన్నవి అందులో ఉంటాయి. మనం ఏమీ చెప్పకపోతే నల్ల అక్షరం, తెల్ల వెనక, వెనక రంగు వేయడం ఖాయం. నేను అక్షరం రంగు ఒక్కటే మార్చాను. మిగతా రెండూ అలాగే ఉన్నాయి. ఆ తెల్ల పట్టీ అదే.

సరే, వెనక రంగు వేయొద్దని చెప్పాను, ట్రాన్స్‌పరెంట్ అని ఒక్క మాట. పట్టీ పోయింది. అంకెలు నల్లటి విండో మీద చక్కగా కూర్చున్నాయి. ఫోటో తీసి బావకు పంపాను కూడా. ఆ తర్వాత ఇంట్లోనే ఉత్తుత్తి బరువులు పంపే చిన్న ప్రోగ్రాం పెట్టి నడిపిస్తే, పది సెకన్లలో తెర మీద ఏ అంకె ఏదో తెలియని పచ్చటి ముద్ద మిగిలింది. వెనక రంగు వేయొద్దన్నాను కదా, పాత అంకెను ఎవరు తుడుస్తారు? 12450 మీద 12460, దాని మీద 12440. పలక తుడవకుండా లెక్క మీద లెక్క చేసినట్టు.

అయితే ప్రతిసారీ విండో తుడిచి రాద్దాం అనుకున్నాను. మళ్లీ గీయమని విండోస్‌ను అడిగేటప్పుడు, ముందు తుడవాలా అని ఒక అవును-కాదు ఉంటుంది. అవును అన్నాను. ముద్ద పోయింది, మిణుకు మిణుకు మొదలైంది. ఇండికేటర్ సెకనుకు పది సార్లు బరువు పంపుతుంది. పది సార్లు నల్లగా తుడవడం, పది సార్లు పచ్చగా రాయడం. ఆ రెండిటి మధ్య ఉన్న క్షణం కంటికి దొరుకుతుంది. పెళ్లి పందిరి సీరియల్ బల్బుల్లాగా ఉందని మా ఆవిడ అంది, తలనొప్పి వస్తోంది ఆపండి అని కూడా అంది.

మళ్లీ ఆలోచించి మొదటి చోటికే వచ్చాను. తుడవడం మానేసి, వెనక రంగు వేయడం తిరిగి ఉంచి, ఆ రంగును సెట్‌బీకేకలర్‌తో నలుపు చేశాను. ఇప్పుడు ప్రతి అంకె తన వెనక నలుపు తానే వేసుకుని కూర్చుంటుంది, కిందున్న పాత అంకె దానికదే కప్పబడిపోతుంది. మిణుకు దాదాపు లేదు, ముద్ద లేదు. ఇదే సరైన దారి అనుకుని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఆదివారం పొద్దున్నే మిర్యాలగూడ బస్సెక్కాను.

పది గంటలకు వడ్లతో ఒక డీసీఎం వ్యాను వచ్చింది. కిటికీకి కొత్త మానిటర్, బయట డ్రైవర్, రైతు, ఊరికే చూడ్డానికి ఇంకో నలుగురు. బండి కాటా మీదికి ఎక్కింది. అంకెలు ఎర్రగా పెరిగాయి. 9870, 9940, 10010. డ్రైవర్ బ్రేకు తొక్కాడు, బండి ముందుకీ వెనక్కీ ఒకసారి ఊగింది, అంకె పచ్చబడింది.

99900.

ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. 60 టన్నుల కాటా మీద దాదాపు వంద టన్నులు. రైతు ముఖం వెలిగిపోయింది, బావ ముఖం మాడిపోయింది. లోపల ఇండికేటర్ మీద మాత్రం 9990 అని శుభ్రంగా ఉంది.

ఆ ముందు తెర మీద ఉన్నది 10010. అయిదు అంకెలు. తర్వాత వచ్చింది 9990, నాలుగు అంకెలు. నాలుగు అంకెలు తమ వెనక నలుపు తాము వేసుకుని మొదటి నాలుగు గడులనూ కప్పాయి. అయిదో గడిని ఎవరూ ముట్టుకోలేదు. అక్కడ పాత సున్నా అలాగే ఉండిపోయింది. అన్ని అంకెలూ ఒకే వెడల్పు ఉండే ఫాంటు కావడంతో ఆ సున్నా ఏమాత్రం తేడా లేకుండా సరిగ్గా వరసలో నిలబడింది. రంగైనా వేరేగా ఉంటే పట్టుబడేది. 10010 దగ్గర ఊగి క్షణం ఆగినప్పుడే అది కూడా పచ్చబడిందట, ఆ తర్వాత 9990 వచ్చింది.

అక్షరాల వెనక రంగు అక్షరాలు ఉన్నంత మేరకే వేస్తుంది, అంతకు మించి ఒక్క చుక్క వేయదు. ఇది చదివితే తెలిసే విషయమే, నాకు డీసీఎం వచ్చి చెప్పింది. ఎక్స్‌ట్‌టెక్స్ట్‌అవుట్ అని ఇంకో ఫంక్షన్ ఉంది. దానికి మనమే ఒక దీర్ఘచతురస్రం కొలత ఇచ్చి, ముందు ఇదంతా నింపి ఆ మీద రాయి అనొచ్చు. ఎన్ని అంకెలు వచ్చినా ఆరు అంకెలు పట్టేంత గడి మొత్తం నిండుతుంది. అక్కడే కాటా గదిలో స్టూలు మీద కూర్చుని మార్చాను. అంకెలను కుడివైపుకు జరిపాను కూడా, బరువు ఎప్పుడూ ఒకట్ల స్థానం దగ్గర కలవాలి కదా. ఆ రోజు మిగతా బళ్లకు మానిటర్ ఆపేసి పాత డబ్బా మీదే తూచారు. మధ్యాహ్నం భోజనం దగ్గర అక్క, "వంద టన్నుల తమ్ముడొచ్చిండు" అని వడ్డించింది.

రెండో వారాంతం పెద్ద అంకెల్లో మిగిలిన కొద్దిపాటి మిణుకు మీద గడిచింది. తెర మీద నేరుగా గీయకుండా మెమరీలో ఒక బొమ్మ తయారు చేసుకుని, పూర్తయ్యాక ఒకేసారి తెచ్చి తెర మీద పెట్టడం దీనికి మందు. రాస్తే పది లైన్లు. నేను రాశాక తెర మొత్తం నలుపు తెలుపు అయిపోయింది. ఎరుపు లేదు, పచ్చ లేదు, చిన్నప్పటి డయనోరా టీవీ. కారణం ఏమిటంటే, మెమరీలో కొత్తగా పుట్టిన డివైస్ కాంటెక్స్ట్‌లో ఒక చుక్క వెడల్పు, ఒక చుక్క ఎత్తు ఉన్న రంగు లేని బొమ్మ ఉంటుంది. దాన్ని చూపించి "ఇలాంటిదే పెద్దది ఇవ్వు" అంటే రంగు లేనిదే ఇస్తుంది. విండో కాంటెక్స్ట్‌ను చూపించి అడగాలి. ఒక్క పేరు మార్చగానే రంగులు తిరిగొచ్చాయి. తుడవమని విండోస్ పంపే సందేశానికి, ఆ పని నేను చేసుకున్నానులే అన్నట్టు 1 అని జవాబిచ్చేశాను.

పెద్ద అంకెల కింద చిన్న చీటీలాంటి వరసలు: మొత్తం బరువు, ఖాళీ బండి, నికర బరువు, సరుకు, రైతు పేరు. వీటిని నేను గీయలేదు, విండోస్ ఇచ్చే లేబుల్స్ పెట్టాను. వాటికి రంగు వేయాలంటే పద్ధతి వేరు. ప్రతి లేబుల్ గీసుకునే ముందు తన పై విండోను అడుగుతుంది, ఏ రంగులు వాడమంటావు అని. అప్పుడు అక్షరం రంగు, వెనక రంగు చెప్పి, మిగతా చోటు నింపడానికి ఒక కుంచె చేతికివ్వాలి. అడిగినప్పుడల్లా ఒక కొత్త కుంచె తయారు చేసి ఇచ్చాను. ఇచ్చిన కుంచెను విండోస్ పారేస్తుందనుకున్నాను. పారేయదు. సెకనుకు పది రీడింగులు, ప్రతి రీడింగుకూ "కదులుతోంది", "ఆగింది" అనే లేబుల్ మళ్లీ గీస్తున్నా కాబట్టి సెకనుకు పది కుంచెలు. ఒక ప్రోగ్రాంకు విండోస్ మామూలుగా కుంచెల్లాంటి జీడీఐ వస్తువులు పదివేల దాకా ఒప్పుకుంటుంది. లెక్క వేస్తే వెయ్యి సెకన్లు, అంటే పదహారు నిమిషాల నలభై సెకన్లు. సరిగ్గా ఆ మాత్రం సేపటికి లేబుల్స్ రంగు మారి, తర్వాత విండో సగం సగం గీసి నిలిచిపోయేది. టాస్క్ మేనేజర్‌లో జీడీఐ ఆబ్జెక్ట్స్ అనే కాలమ్ మామూలుగా కనపడదు, మనమే తెచ్చి పెట్టుకోవాలి. తెచ్చిపెట్టి చూస్తే ఆటో మీటర్ తిరిగినట్టు అంకె ఎక్కుతోంది. కుంచె ఒకేసారి మొదట్లో చేసుకుని ప్రతిసారీ అదే ఇస్తే అంకె కదలకుండా కూర్చుంది.

బావ చీటీ ప్రింట్ బటన్ కూడా పచ్చగా కావాలన్నాడు. బటన్ విషయంలో ఆ అడిగే పద్ధతి ఉంటుంది గానీ మనం చెప్పినది వినదు, బటన్ మొత్తం మనమే గీయాలి. కుదరదన్నాను. ఆయన కూడా పట్టించుకోలేదు.

తెలుగు పెట్టాక ఇంకో కొత్త తంటా. కింద సరుకు వివరాలు రెండు వరసలు నేనే గీశాను. ఇంగ్లీషు అక్షరాలతో పరీక్షించినప్పటి వరస ఎత్తే ఉంచాను. తెర మీద "వడ్లు" అని రాయాల్సిన చోట "వడు" అని వచ్చింది, "మొత్తం" అన్నది "మొతం" అయ్యింది. ఫాంటు పాడైందనుకున్నాను, నిర్మలా తీసి గౌతమి పెట్టాను, ఇంకా ఎక్కువ పోయింది. చివరికి రెండో వరస రాయకుండా ఆపి చూస్తే మొదటి వరసలో ఒత్తులన్నీ ఉన్నాయి. రెండో వరస తన వెనక నలుపు వేసుకుంటూ పై వరస కాళ్లు తుడిచేస్తోంది! ఇంగ్లీషులో కిందికి దిగే అక్షరాలు నాలుగైదు, అవీ కొంచెమే దిగుతాయి. మనకు సగం మాటలకు కిందే బతుకు. వరస ఎత్తు మన ఊహతో పెట్టకుండా ఫాంటునే అడిగి తెచ్చుకుంటే ఒత్తులు తిరిగొచ్చాయి.

బావ ఇంకో కోరిక. మిల్లు పేరు ముందు "శ్రీ" ఎర్రగా, మిగతాది తెల్లగా ఉండాలి. మొదటి అక్షరం ఒక రంగు, మిగతావి ఒక రంగు అనుకుని కోశాను. ఎర్రటి "శ" వచ్చింది, దాని పక్కన చుక్కల సున్నా, దానికి తెల్లటి పొల్లు, ఆ పక్కన "రీ". శుభమా అని రాస్తే అలా వచ్చింది. మన కంటికి శ్రీ ఒక్క అక్షరమే గానీ కంప్యూటర్‌కు అది నాలుగు: శ, పొల్లు, ర, గుడి దీర్ఘం. ఆ నాలుగూ కలిపి ఒకేసారి ఇస్తేనే అవి కలిసి కూర్చుంటాయి, మధ్యలో కోస్తే విడిపోతాయి. నాలుగూ కలిపి ఎర్రగా రాసి, ఎంత వెడల్పు పట్టిందో కొలిచి, అక్కడి నుంచి తెలుపు మొదలుపెట్టాను.

మూడో వారాంతం ఎండ కోసం వెళ్లాను. కిటికీ పడమటి వైపు. మూడు దాటాక ఎండ మానిటర్ మీద పడుతుంది. నల్లటి తెర అద్దమైపోయింది, డ్రైవర్‌కు బరువు బదులు తన మొహం, వెనక లారీ కనిపిస్తున్నాయి. నా బస్టాండు బోర్డు ఊహ అక్కడితో సరి. వెనక తెలుపు చేశాను. వెంటనే పచ్చ వెలవెలబోయింది. తెలుపు మీద మామూలు ఎరుపు కూడా కంటికి అనుకున్నంత ఆనదు. అక్షరానికీ వెనకకూ మధ్య తేడాను కొలిచే లెక్క ఒకటుంది, వెబ్ పనిలో రోజూ వాడేదే, చిన్న అక్షరాలకు కనీసం 4.5 ఉండాలంటారు. తెలుపు మీద నిండు ఎరుపుకు 4 దగ్గర ఆగుతుంది, పసుపుకైతే 1.07, అంటే ఉన్నా లేనట్టే. ముదురు ఎరుపుకు 10, ముదురు ఆకుపచ్చకు 7.4 వచ్చాయి. అవే పెట్టాను. బావ చూసి, "నారు పచ్చ అంటి, మామిడాకు పచ్చ పెట్టినవ్" అన్నాడు. కానీ కనపడుతోందని ఊరుకున్నాడు.

అంతా అయిపోయిందనుకుని హైదరాబాద్ వచ్చిన మూడో రోజు కాటా గుమస్తా ఫోన్ చేశాడు. పెద్ద వయసు, నేను కాకా అనే పిలుస్తాను.

"బాబూ, లారీ నంబర్ కొడుతుంటె పడ్తలేదు."

"కీబోర్డ్ వైర్ చూడు కాకా."

"వైర్ మంచిగనే ఉంది. చీటీల నంబర్ వస్తుంది. పెట్టెల కనపడ్తలేదు."

పెట్టెలో నంబర్ ఉంది గానీ కనపడట్లేదన్నమాట. వీడియో కాల్‌లో చూస్తే తెర మొత్తం నల్లగా ఉంది. కాకాకు శుక్లాల ఆపరేషన్ అయ్యాక తెల్ల తెర గుచ్చుతోందని మనవడు విండోస్‌లో హై కాంట్రాస్ట్ పెట్టి వెళ్లాడట. నేను కాకా వైపు మానిటర్‌లో నంబర్ పెట్టెకు అక్షరం రంగు మాత్రం నలుపు అని ఖాయం చేశాను, వెనక కుంచె విండోస్ ఇచ్చిందే వదిలేశాను. నా కంప్యూటర్‌లో విండోస్ ఇచ్చేది తెలుపు. కాకా కంప్యూటర్‌లో నలుపు. నలుపు మీద నలుపు. పాపం, మూడు రోజులు చీటీ ప్రింట్ తీసి చూసుకుని, తప్పుంటే చింపి మళ్లీ కొట్టాడు.

ఆ పెట్టెకు నా రంగులు రెండూ తీసేశాను. అక్షరం రంగూ వెనక రంగూ రెండూ విండోస్‌నే అడిగి, అది ఇచ్చిన జంటనే వాడమన్నాను. ఆ కంప్యూటర్ మనిషి ఏ కళ్లతో చూస్తున్నాడో విండోస్‌కు చెప్పి పెట్టుకున్నాడు కదా, నేనెందుకు మధ్యలో. బయట మానిటర్‌కు మాత్రం రెండు రంగులూ నావే.

యాసంగి వడ్లు వచ్చేదాకా ఏ గొడవా లేకుండా నడిచింది. ఏప్రిల్‌లో బావ మళ్లీ ఫోన్. బరువు పక్కన తేమ శాతం కూడా చూపించాలట. వడ్లలో తేమ 17 శాతం దాటితే కొనుగోలు దగ్గర పేచీ వస్తుంది కాబట్టి, 17 దాటగానే ఎర్రగా కావాలి.

ఈసారి కోడ్ తెరవకముందే అడిగాను, "ఎరుపు అక్షరానికా బావా, వెనకకా?"

కాసేపు ఆలోచించి, "రెంటికీ పెట్టురా, మంచిగ కొట్టొచ్చినట్టు కనపడ్తది" అన్నాడు.